పాతబడటం జబ్బు కాదు

ఇంట్లో ఏ వస్తువు మొరాయించినా ఎదుటివాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "కొని ఎన్నేళ్ళయింది?" అని. పదేళ్ళు దాటిందని చెప్పామో, వైద్యం అక్కడితో ఆగిపోతుంది. "ఇంకేం, దాని కాలం అయిపోయింది" అనేస్తారు. ఈ మాట మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. వయసు చెప్పడం వేరు, జబ్బేమిటో చెప్పడం వేరు.

మా ఇంట్లో కంప్యూటర్ 2013లో కొన్నది. అందులో విండోస్ 10 ఉంది. కొన్నాళ్ళ కిందట ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారిపోవడం, ఏడుపుమొహం గుర్తు ఒకటి రావడం, తనంతట తానే ఆగి మళ్ళీ మొదలవడం పట్టుకుంది. షాపులో చూపిస్తే అయిదు నిమిషాల్లో తేల్చేశారు. "మదర్‌బోర్డు పోయినట్టుంది. పాతది కదండీ, కొత్తది తీసుకోండి" అని. కొత్తదంటే నలభై వేల మాట. అమ్మాయిని హాస్టల్లో చేర్చాల్సిన నెల అది.

"నేను గంటలకొద్దీ తెలుగు టైపు చేసుకున్నా ఏమీ కాదండీ. అమ్మాయి వీడియో క్లాసు పెట్టిన కాసేపటికే ఆగిపోతోంది" అని నేను చెప్పాను. ఆయన జవాబు మాత్రం మావారికి చెప్పాడు! ఇలాంటివి మీకూ అనుభవమే అనుకుంటాను.

నిజానికి సగం జవాబు ఆ నీలం తెర మీదే ఉంటుంది. కింద చిన్న అక్షరాల్లో "స్టాప్ కోడ్" అని ఒక పేరు, చాలాసార్లు "వాట్ ఫెయిల్డ్" అంటూ ఒక ఫైలు పేరు కనిపిస్తాయి. మాకు "డ్రైవర్ ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్" అనీ, "ఎన్‌డిఐఎస్ డాట్ సిస్" అనీ వచ్చేది. చూడగానే భయమేసే పేర్లే కానీ, విషయం పెద్ద కష్టమైనదేం కాదు.

ఇక్కడ డ్రైవర్ అంటే దుబాసీ అనుకోండి. విండోస్ మాట నెట్‌వర్క్ కార్డుకి, కార్డు మాట విండోస్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాము. మామూలు ప్రోగ్రాములు ముందుగదిలో కూర్చునే చుట్టాల్లాంటివి. వాటిలో ఒకటి తప్పు చేస్తే అదొక్కటే మూతపడుతుంది. డ్రైవర్ అలా కాదు, వంటింట్లోకి వచ్చి పొయ్యి దగ్గర నిలబడే మనిషి. తాకకూడని వేళలో తాకకూడని చోట చేయి పెడితే ఇల్లంతా అంటుకోవచ్చు. అందుకే విండోస్ మొత్తం పని ఆపేసుకుంటుంది. మన ఫైళ్ళు పాడవకుండా అది చేసుకునే జాగ్రత్త అది. ఎన్‌డిఐఎస్ అన్నది విండోస్ సొంత ఫైలే. కానీ దాని ద్వారా పనిచేసే నెట్‌వర్క్ డ్రైవర్ తప్పు చేసినా ఆ పేరే పైకి రావచ్చు.

ఇది పాత కంప్యూటర్లకే వచ్చే రోగమూ కాదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన ఒక్క తప్పుడు అప్‌డేట్ దాని డ్రైవర్‌ని కూలదోస్తే, ప్రపంచవ్యాప్తంగా సుమారు 85 లక్షల కంప్యూటర్లకి ఇదే నీలం తెర వచ్చింది. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. వాటిలో కొత్త యంత్రాలు లేవంటారా?

అనుమానం తీర్చుకునే దారి తేలికే. కేబుల్ పీకేసి, వైఫై ఆపేసి ఒక రోజు వాడి చూడండి. అప్పుడు హాయిగా నడిస్తే వేలు నెట్‌వర్క్ వైపే చూపిస్తుంది. అసలు తెరుచుకోగానే ఆగిపోతుంటే, షిఫ్ట్ నొక్కిపట్టి రీస్టార్ట్ చేసి, అక్కడి నుంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళొచ్చు. మామూలు సేఫ్ మోడ్‌లో నెట్‌వర్క్ డ్రైవర్లు లేవవు. ముందు ఫొటోలూ కాగితాలూ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. తర్వాత డివైస్ మేనేజర్‌లో నెట్‌వర్క్ అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిస్తే డ్రైవర్ భాగంలో "రోల్ బ్యాక్ డ్రైవర్" ఉంటుంది. కొత్త డ్రైవర్ కుదరకపోతే పాతదాన్ని వెనక్కి తెచ్చే మీట అది. అది పనిచేయకపోతే మీ మోడల్‌కి తగిన డ్రైవర్ తయారీదారు సైటులో దొరుకుతుంది. కార్డే చెడితే, కొన్ని వందల రూపాయలకి యూఎస్‌బీ వైఫై అడాప్టర్ వస్తుంది. మాకు మాత్రం పాత డ్రైవర్ వెనక్కి తేవడంతోనే సరిపోయింది. పైసా ఖర్చు కాలేదు.

పాతదాన్ని పట్టుకుని వేలాడమని నా ఉద్దేశం కాదు. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. భద్రతా అప్‌డేట్లు రాని యంత్రంలో బ్యాంకు పనులు చేయకూడదు. మార్చడానికి అది సరైన కారణం. కారణం తెలిసి మార్చడం ఒకటి, "పాతది కదా" అన్నందుకు మార్చడం ఇంకొకటి.

మోకాళ్ళ నొప్పులని వెళ్ళినా, నీరసమని చెప్పినా "ఈ వయసులో మామూలేగా" అనిపించుకుని తిరిగొచ్చే ఆడవాళ్ళు ఎంతమందో! రోజూ ఆ వస్తువుతో, ఆ ఒంటితో కాపురం చేసేది మనం. ఎప్పుడు ఆగుతోందో, ఏం చేస్తే ఆగుతోందో చెప్పగలిగేదీ మనమే. ఆ మాట వినకుండా తీర్పు చెప్పేవాళ్ళని ఒక్కటే అడగండి: "తెర మీద ఏ ఫైలు పేరు వచ్చింది? నెట్ ఆపి చూశారా?" జవాబు రాకపోతే పర్సు తీయకండి.