పన్ను విరిగితే గేరు మార్చడమేనా?

నైట్రో బగ్గీలు నడిపేవాళ్ళలో ఓ అలవాటు చాన్నాళ్ళుగా చూస్తున్నాను. డిఫరెన్షియల్లో ఒక గేరు పన్ను విరిగిందంటే చాలు, అందరి నోటా ఒకటే మాట.. "ఇంకా గట్టిది వెయ్యి". గట్టి ఉక్కు గేర్లు, అల్యూమినియం డబ్బా, పైగా పాకంలా చిక్కటి ఆయిలు. వీటన్నిటినీ కలిపి డిఫ్‌ని బలపరచడం అంటారు. నా మటుకు నాకు ఇందులో సగం డబ్బు దండగ, మిగతా సగం అసలు జబ్బుని కప్పెట్టడం. ఎందుకంటున్నానో చెప్తాను. తిట్టాలనుకుంటే తిట్టండి గానీ, చివరిదాకా చదివి తిట్టండి :)

ఈ ఆట తెలియనివాళ్ళ కోసం ముందు నాలుగు ముక్కలు. నేను చెప్తున్నది అసలు బండిలో ఎనిమిదో వంతు సైజుండే రేసు బగ్గీల గురించి. 3.5 సిసి ఇంజను, నైట్రోమీథేన్ కలిపిన ఇంధనం, నాలుగు చక్రాలకీ శక్తి. ఇందులో డిఫ్‌లు మూడు. ముందుదీ వెనకదీ కుడి ఎడమ చక్రాల వేగంలో తేడాని సర్దుతాయి. మధ్యది ముందు చక్రాల జతకీ వెనక జతకీ మధ్య సర్దుతుంది. ఇంజను శక్తి మొట్టమొదట చేరేది ఈ మధ్య డిఫ్‌కి బిగించిన స్పర్ గేరుకే. సాధారణంగా క్లచ్ బెల్‌కి 13 పళ్ళు, స్పర్‌కి 46 పళ్ళు ఉంటాయి. బ్రేకు డిస్కులు కూడా ఆ మధ్య డిఫ్‌ని అంటిపెట్టుకునే ఉంటాయి.

ఒక్కో డిఫ్ డబ్బాలో రెండు పెద్ద బెవెల్ గేర్లు, వాటి మధ్య నాలుగు చిన్నవి, ఆ చిన్నవాటిని మోసే అడ్డపిన్నులు, చుట్టూ సిలికాన్ ఆయిలు. మనం ఆఫీసుకెళ్ళే కారు డిఫ్‌లో ఆయిలు ముఖ్యంగా అరుగుదల తగ్గించడానికి. ఇక్కడ దాని పని వేరు. రెండు వైపుల మధ్య వేగం తేడాని ఎంత తేలిగ్గా రానివ్వాలో తేల్చేది ఆయిలు చిక్కదనమే. చాలా ట్రాకుల మీద ముందు 5000, మధ్య 7000, వెనక 3000 సెంటీస్టోక్స్‌తో మొదలుపెట్టి అక్కణ్ణించి సర్దుకుంటారు.

సరే, అసలు విషయానికొస్తే, పన్ను ఎందుకు విరుగుతుంది? గేరు మెత్తనిదై విరగడం కూడా ఉంది, కాదనను. కానీ నేను విప్పి చూసినవాటిలో తరచుగా కనపడే కారణాలు మూడు.

ఒకటి, రింగ్ గేరుకీ పినియన్‌కీ మధ్య ఖాళీ. పళ్ళు పూర్తి లోతు కలవకుండా చివర్లతోనే తగులుతుంటే ఎంత గట్టి ఉక్కయినా పెచ్చులూడుతుంది. డిఫ్‌కీ బేరింగ్‌కీ మధ్య వేసే పల్చటి షిమ్ములతో దీన్ని సర్దాలి. ఒక షిమ్ముని ఈ పక్కనించి తీసి ఆ పక్క వేస్తే చాలు, తేడా చేతికి తెలుస్తుంది. గేర్‌బాక్స్ మూసి, స్క్రూలు బిగించి, ఒక చుట్టు పూర్తిగా తిప్పి చూడాలి. ఎక్కడా పట్టెయ్యకూడదు, అలాగని లొడలొడలాడకూడదు. మరీ బిగిస్తే వేడెక్కి త్వరగా అరుగుతుంది.

రెండు, అరిగిన బేరింగ్. ఇది దొంగలాంటిది. మీరు షిమ్ములు బ్రహ్మాండంగా వేసినా, దుమ్ము పట్టి బేరింగ్ వదులయ్యిందనుకోండి, బరువు పడగానే రింగ్ గేరు పక్కకి జరుగుతుంది. పన్ను ఎగిరిపోతుంది. నింద గేరు మీద, తప్పు బేరింగ్‌ది. కొత్త గేరు వేసి పాత బేరింగే ఉంచితే ఆ కొత్తదానికీ అదే గతి.

మూడు, మన వేలు. బండి గాల్లో ఉన్నప్పుడు థ్రాటిల్ నొక్కితే ముక్కు లేస్తుంది, బ్రేకు వేస్తే దిగుతుంది. అందరూ వాడే చిట్కానే. కానీ నేలకి తగిలే క్షణంలో కూడా వేలు నిండా నొక్కి ఉంటే, ఊరికే తిరుగుతున్న చక్రాలు ఒక్కసారిగా నేల వేగానికి దిగాలి. ఆ దెబ్బంతా మోసేది రింగ్ గేరు పళ్ళే.

ఈ మూడూ వదిలేసి గట్టి గేరు వేశారనుకోండి, దెబ్బ మాయమైపోదు, పక్కింటికి పోతుంది. రింగ్ గేరు తట్టుకుంటే పినియన్, పినియన్ తట్టుకుంటే షాఫ్టు, ఆ తర్వాత ఔట్‌డ్రైవ్ కప్పు. మన భాషలో చెప్పాలంటే మెమరీ లీకున్న ప్రోగ్రాముకి ర్యాము పెంచడం లాంటిది. వారానికోసారి పడిపోయేది రెండు వారాలకోసారి పడుతుంది. మేనేజరు సంతోషిస్తాడు, లీకు మాత్రం అలాగే ఉంటుంది.

చిక్కటి ఆయిలు సంగతి ఇంకా తమాషా. మధ్య డిఫ్‌లో చిక్కటిది పోస్తే లోపలి చిన్న గేర్లు విచ్చలవిడిగా తిరగవు కాబట్టి వాటికి మేలే. కానీ అదే ఆయిలు, బండి దిగేటప్పుడు ముందు వెనకల మధ్య జారి కాస్త సర్దుకునే వీలుని తగ్గిస్తుంది. ఆ భారం ముందు, వెనక రింగ్ గేర్ల మీద పడుతుంది. అంటే ఒక డిఫ్‌ని కాపాడబోయి మిగతా రెండింటినీ ఇబ్బంది పెడుతున్నామన్నమాట.

పైగా ఆయిలు అనేది బలానికి కాదు, నడకకి. ముందు చిక్కగా ఉంటే థ్రాటిల్ మీద మలుపులోంచి బయటికి బాగా లాగుతుంది, కానీ థ్రాటిల్ వదిలి మలుపులోకి దూరేటప్పుడు తిరగనని మొరాయిస్తుంది. వెనక పల్చగా ఉంటే మలుపులో పట్టు బాగుంటుంది, మరీ పల్చనైతే లోపలి చక్రం ఊరికే తిరిగి శక్తి వృథా. మధ్య మరీ పల్చనైతే శక్తి ముందు చక్రాలకి పారిపోయి టైర్లు బుడగల్లా ఉబ్బుతాయి. చిక్కనైతే నాలుగూ కలిసి లాగుతాయి, అదే జారుడు మట్టి మీదైతే బండి మన మాట వినదు. ట్రాకుని బట్టి ఎంచుకోవాల్సినదాన్ని విరుగుడు మందులా వాడితే గేరు మిగలొచ్చు గానీ ల్యాపు టైము పోతుంది.

ఇంకోటి. ప్రపంచ ఛాంపియన్‌షిప్పు ఫైనల్ ఒక గంట నడుస్తుంది. 2010లో థాయిలాండ్‌లోని పట్టాయాలో క్యోషో బండితో కోడీ కింగ్ గెలిచింది అలాంటి గంట రేసే. అంతసేపు నడిస్తే డిఫ్ వేడెక్కుతుంది, ఆయిలు పల్చబడుతుంది. మొదటి ఐదు నిమిషాల్లో నడిచిన బండి, చివరి ఐదు నిమిషాల్లో నడిచే బండి ఒకటి కాదు. అందుకే కొన్ని కంపెనీలు ఎక్కువ ఆయిలు పట్టే డబ్బాలు తెచ్చాయి. అవి బలం కోసం కాదు, నడక మారకుండా ఉండటం కోసం.

మరి ఏం చెయ్యాలి? రెండు మూడు రేసులకోసారి డిఫ్ విప్పండి. ఓ-రింగులు, గాస్కెట్ చూడండి, అడ్డపిన్నులకి గాడి పడిందేమో గోరుతో తడిమి చూడండి. ఆయిలు పిన్నులు మునిగేదాకా పోసి, బుడగలు పోయేదాకా ఆగండి. అంచుదాకా నింపొద్దు, వేడికి వ్యాకోచించి ఓ-రింగుల సందుల్లోంచి కారుతుంది. గ్రాముల తూకం మీద పెట్టి బరువు రాసుకోండి. మళ్ళీ విప్పేముందు శుభ్రంగా తుడిచి తూస్తే, ఎంత కారిందో అదే చెప్తుంది. ఒకసారికి ఒక్క డిఫ్ ఆయిలే మార్చండి. మూడూ ఒకేసారి మార్చేసి "బాగుంది" అంటే ఏది బాగుచేసిందో ఎవరికి తెలుసు? ఆఫీసులో ఒకేసారి మూడు మార్పులు చెక్-ఇన్ చేసిన వాణ్ణి మనం ఊరుకుంటామా?

గట్టి సామాను వద్దేవద్దని నా వాదన కాదు. పెట్టెలోంచి తీసి నడిపే చవక బండ్లలో మెత్తటి గేర్లు, ప్లాస్టిక్ డబ్బాలు వస్తాయి, కొన్నిట్లో చిన్న గేర్లు రెండే ఉంటాయి. రెండింటి స్థానంలో నాలుగు వేస్తే ఒక్కో పన్ను మీద భారం సగమవుతుంది. అలాంటి చోట ఖర్చు న్యాయమే. షిమ్ములూ బేరింగులూ సరిచూశాక కూడా అదే గేరు అదే చోట విరుగుతుంటే, అప్పుడు మార్చండి, శుభ్రంగా మార్చండి.

నా బాధల్లా కొత్తగా వచ్చిన కుర్రాళ్ళ గురించి. రెండు నెలల్లో మూడు గేరు సెట్లు కొని, మూడోది కూడా పోయాక "ఇది డబ్బున్నోళ్ళ ఆటలే" అని బండి అమ్మేసి పోయినవాళ్ళని చూశాను. వాళ్ళకి ఎవరూ కొత్త బేరింగులు వేసి, షిమ్ము ఎలా సర్దాలో పక్కన కూర్చుని ఓ అరగంట చూపించలేదు. కొనమని సలహా ఇవ్వడం తేలిక, విప్పి చూపించడానికే ఓపిక కావాలి. ఈసారి పిట్‌లో ఎవరైనా విరిగిన గేరు చేత్తో పట్టుకుని కనపడితే, ఏది కొనాలో చెప్పకండి. ముందు బేరింగ్ తిప్పి చూడమనండి.