దారిలో పోయిన తుపాకీ ఎవరి ఖాతాలో?

అమెరికాలో తుపాకుల మాట వస్తే మనవాళ్ళ మధ్య చర్చ పది నిమిషాలలో రెండవ రాజ్యాంగ సవరణ దగ్గరకు చేరి, అక్కడ రెండు వర్గాలుగా చీలి, భోజనాలు వడ్డించేసరికి ఆగిపోతుంది. ఈ సంపాదకీయం ఆ చర్చను మళ్ళీ మొదలుపెట్టడానికి కాదు. తుపాకీ హక్కును సమర్థించేవారూ, వ్యతిరేకించేవారూ కలిసి అడగదగ్గ చిన్న విషయం ఒకటుంది. చట్టబద్ధంగా పార్సిల్లో బయలుదేరిన తుపాకీ గమ్యం చేరకుండా మాయమైతే, ఆ సంగతి ప్రభుత్వానికి చెప్పవలసిన బాధ్యత ఫెడరల్ చట్టం ప్రకారం దాన్ని మోసుకెళ్ళిన కంపెనీకి లేదు. పంపిన డీలరుకు ఉంది. పెట్టె చివరిసారి ఎక్కడ కనబడిందో తెలిసినవాడు నోరు మెదపనక్కరలేదు, ఏమీ తెలియనివాడు మాత్రం ఫారం నింపాలి. ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషన్లో జమ చేయించే ఊళ్ళ నుంచి వచ్చిన మనకు ఇది నమ్మశక్యంగా ఉండదు.

ఇప్పుడున్న చట్టానికి మూలమే ఒక పార్సిల్. 1963 మార్చిలో లీ హార్వీ ఆస్వాల్డ్ దొంగపేరుతో షికాగోలోని ఒక దుకాణానికి 21 డాలర్ల 45 సెంట్ల మనీ ఆర్డరు పంపి, డాలస్ లోని తన పోస్టు బాక్సుకు రైఫిల్ తెప్పించుకున్నాడు. తుపాకీ ఖరీదు 19.95, మిగిలిన డాలరున్నర పంపించే ఖర్చు. అదే నెలలో ఒక రివాల్వర్ కూడా తెప్పించుకున్నాడు. అది మాత్రం పోస్టులో రాలేదు. చేతితుపాకులు పోస్టులో పంపకూడదని 1927లోనే చట్టం చేశారు కాబట్టి, లాస్ ఏంజెలెస్ వ్యాపారి దాన్ని రైల్వే ఎక్స్ ప్రెస్ అనే ప్రైవేటు రవాణా సంస్థ ద్వారా పంపాడు. నిషేధం ప్రభుత్వ పోస్టుకే తప్ప ప్రైవేటు కంపెనీకి లేదన్నమాట. ఆ నవంబరులో కెన్నెడీ హత్య జరిగింది. 1968లో మార్టిన్ లూథర్ కింగ్, రాబర్ట్ కెన్నెడీ కూడా తుపాకీకి బలయ్యాక, ఆ అక్టోబరులో అధ్యక్షుడు జాన్సన్ తుపాకుల నియంత్రణ చట్టం మీద సంతకం పెట్టారు. పోస్టు ఆర్డరు మీద నేరుగా ఇంటికి తుపాకీ తెప్పించుకోవడం దానితో ఆగిపోయింది. నేడు ఎవరైనా వెబ్ సైటులో తుపాకీ కొంటే అది దగ్గరలోని లైసెన్సు డీలరు దగ్గరకు వస్తుంది, అక్కడ ఫారం నింపి, బ్యాక్ గ్రౌండ్ చెక్ అయ్యాకే చేతికిస్తారు.

అంటే 1968 చట్టం రెండు చివరలనూ పట్టుకుంది. అమ్మేవాడి పుస్తకంలో పద్దు ఉంటుంది, తీసుకునేవాడి సంతకం ఉంటుంది. మధ్యలో మోసేవాడి సంగతి పెద్దగా పట్టించుకోలేదు. 1993 నాటి బ్రేడీ చట్టం రవాణా కంపెనీలకు రెండు ముక్కలు చెప్పింది. అందుకున్నవాడి దగ్గర రాతపూర్వకంగా రసీదు తీసుకోవాలి, లోపల తుపాకీ ఉందని పెట్టె మీద రాయమని పంపేవాడిని అడగకూడదు. రెండోది మంచి నియమమే, పైన రాసి పెడితే దొంగను పిలిచినట్టే కదా. 1994 నుంచి డీలరు తన సరుకులో తుపాకీ పోయిందని తెలిసిన 48 గంటలలో ఎ.టి.ఎఫ్. అనే ఫెడరల్ సంస్థకూ, స్థానిక పోలీసులకూ చెప్పాలి. మరి దారిలో పోతే అది ఎవరి సరుకు? పంపినవాడిదా, ఇంకా అందుకోనివాడిదా? ఈ ప్రశ్నకు స్పష్టమైన జవాబు రావడానికి ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది. 2016 ఫిబ్రవరిలో అమలులోకి వచ్చిన నియమం, దారిలో పోయినది పంపిన డీలరు ఖాతాలోదే అని తేల్చింది. రవాణా కంపెనీకి కూడా ఎ.టి.ఎఫ్. ఒక ఫారం తయారుచేసి పెట్టింది. కాకపోతే అది ఇష్టమైతే నింపవచ్చు, లేకపోతే లేదు.

నేను కొన్నేళ్ళు పార్సిళ్ళ ట్రాకింగ్ సాఫ్ట్ వేర్ మీద పనిచేశాను కాబట్టి ఈ ఏర్పాటు నాకు మరీ విడ్డూరంగా తోస్తుంది. పెద్ద హబ్ లో ఒక పెట్టె బెల్టు ఎక్కితే ఏ క్షణంలో ఎక్కింది, ఏ స్కానర్ కింద నుంచి వెళ్ళింది, ఏ ట్రెయిలర్ లోకి పోయింది అన్నది డేటాబేసులో వరుసగా ఉంటుంది. రావలసిన స్కాన్ రాకపోతే పట్టుకోవడం కష్టమైన ప్రోగ్రామేమీ కాదు, రెండవ ఏడు విద్యార్థి రాసే క్వెరీ. కానీ పంపినవాడికి కనబడేది మాత్రం వెబ్ పేజీ మీద "దారిలో ఉంది" అన్న ఒక్క వాక్యం.

డాలస్ శివార్లలో ఉండే మా మిత్రుడొకాయనకు జరిగింది చెబుతాను. పౌరసత్వం వచ్చాక రేంజికి వెళ్ళి గురి నేర్చుకోవడం ఆయనకు సరదా. పిస్టల్ ట్రిగ్గర్ సరిగా పనిచేయక, డీలరు ద్వారా తయారీ కంపెనీకి రిపేరుకు పంపారు. 2022లో పెద్ద కొరియర్ కంపెనీలు నిబంధనలు బిగించి, ఒప్పందం ఉన్న లైసెన్సుదారుల నుంచే తుపాకులు తీసుకుంటామన్నాయి కాబట్టి డీలరు ద్వారా పంపడమే దారి. పెట్టె మరో రాష్ట్రంలోని హబ్ లో అర్ధరాత్రి దాటాక ఒకసారి స్కాన్ అయింది. తర్వాత నాలుగు రోజులు ఏ కదలికా లేదు. కాల్ సెంటరు అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "వెతుకులాట మొదలుపెట్టాం, పది పనిదినాలు ఓపిక పట్టండి" అని. ఇక్కడే అసలు చిక్కు. 48 గంటల గడియారం "పోయిందని తెలిసిన" క్షణం నుంచి మొదలవుతుంది. కంపెనీ మాత్రం పోయిందని అనదు, వెతుకుతున్నామంటుంది. ఆ పది రోజులలో పెట్టె ఎవరి చేతిలో పడిందో ఎవరికి తెలుసు?

ఆ డీలరు నలభై ఏళ్ళుగా షాపు నడుపుతున్న పెద్దమనిషి. ఓపిక పట్టలేదు. ఆ రోజే ఎ.టి.ఎఫ్. కి ఫోను చేసి, ఫారం పంపి, సీరియల్ నంబరు పట్టుకుని ఊళ్ళో పోలీసు స్టేషనుకు వెళ్ళాడు. వాళ్ళేమో "ఇక్కడ పోలేదు కదా" అన్నారు. హబ్ ఉన్న ఊరి పోలీసులకు ఫోను చేస్తే "దొంగతనమని రుజువేది?" అన్నారు. నాకు ఇది వింటే మన ఊళ్ళో పక్క స్టేషను పరిధి అని ఫిర్యాదు తీసుకోకుండా తిప్పే రోజులు గుర్తొచ్చాయి. చివరకు ఎ.టి.ఎఫ్. ఇచ్చిన నంబరు చూపించాక ఊరి పోలీసులే రిపోర్టు రాసి, ఎఫ్.బి.ఐ. నడిపే జాతీయ డేటాబేసులో సీరియల్ నంబరు ఎక్కించారు. అది ఎక్కితేనే దేశంలో ఎక్కడ ఏ కానిస్టేబుల్ ఆ తుపాకీని పట్టుకున్నా అది పోయిన సరుకని తెలుస్తుంది.

మా మిత్రుడి దిగులు డబ్బు గురించి కాదు. అయిదు నెలలకు బీమా చెక్కు వచ్చింది, పిస్టల్ రాలేదు. ఏదైనా హత్య జరిగిన చోట ఆ పిస్టల్ దొరికితే ఏం జరుగుతుందో ఆయనకు తెలుసు. వెస్ట్ వర్జీనియాలో మార్టిన్స్ బర్గ్ అనే ఊరిలో ఎ.టి.ఎఫ్. ట్రేసింగ్ కేంద్రం ఉంది. దేశమంతటికీ తుపాకుల రిజిస్టరు పెట్టకూడదని 1986లో కాంగ్రెస్ చట్టం చేసింది కాబట్టి, వాళ్ళు తయారీదారు నుంచి టోకు వ్యాపారికి, అక్కడి నుంచి డీలరుకు ఒక్కొక్కరినీ అడుగుతూ, పాత కాగితాలు వెతికి మొదట కొన్నవాడి పేరు పట్టుకుంటారు. ఆ పేరు మా మిత్రుడిది. పోయినట్టు రిపోర్టు ఉంటే పది నిమిషాల సంభాషణ. లేకపోతే లాయరు ఫీజు.

ఒక్క పెట్టెకే ఇంత గొడవ అనుకోకండి, గుత్తగా పోయినవీ ఉన్నాయి. 2015 ఏప్రిల్ లో షికాగో దక్షిణ భాగంలో ఆగి ఉన్న గూడ్సు రైలు నుంచి నూటికి పైగా కొత్త తుపాకులు ఎత్తుకుపోయారు. 2018 అక్టోబరులో మెంఫిస్ లోని యు.పి.ఎస్. కేంద్రం నుంచి సుమారు 400 పోతే, చాలామటుకు షికాగో శివారులో దొరికాయి. 2021లో లాస్ ఏంజెలెస్ లో రైలు కంటెయినర్ల నుంచి పోయినవి 82. షికాగో, లాస్ ఏంజెలెస్ లలో దొంగలకు ముందుగా తెలిసి కాదు, తాళం పగలగొట్టాక లోపల ఏముందో చూశారని పోలీసుల అభిప్రాయం.

ఇక "మనకెందుకు?" అన్న ప్రశ్న. మన పాఠకులలో సగం మంది హెచ్-1బి మీదో, ఎల్-1 మీదో ఉన్నవాళ్ళు, ఇంట్లో హెచ్-4 మీద భార్యో భర్తో, యూనివర్సిటీలో ఎఫ్-1 మీద తమ్ముడో ఉన్నవాళ్ళు. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాడు, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ నేరం. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. 2022 చట్టంతో శిక్ష పదేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా పెరిగింది, పైగా దేశం నుంచి పంపించివేయవచ్చు. ఇప్పుడు ఊహించండి. అపార్టుమెంటు నంబరు తప్పుపడి ఒక పెట్టె మీ గడప ముందు వదిలేశారు. మీ అమెజాన్ సరుకే అనుకుని తెరిచారు. లోపల పిస్టల్. మూసి ఉన్నంతసేపు మీకు తెలియదు, నేరమూ లేదు. తెలిసిన క్షణం నుంచి మీరేం చేస్తారన్నది ముఖ్యం.

ఈ విషయంలో కోర్టులు ఒక్క మాట మీద లేవు. వాషింగ్టన్ డి.సి. లో తుపాకీ పట్టుకునే అర్హత లేని పాత నేరస్థుడొకడు, డెలివరీ ట్రక్కు డ్రైవరు. బడి దగ్గర కాగితం సంచిలో తుపాకీ దొరికితే, పిల్లల చేతిలో పడకూడదని తీశాననీ, తెలిసిన పోలీసుకు ఇవ్వబోతున్నాననీ చెప్పాడు. అటువంటి నిర్దోషమైన, కాసేపటి స్వాధీనాన్ని జ్యూరీ పరిశీలించాల్సిందేనని 2000లో అక్కడి అప్పీళ్ళ కోర్టు అతని శిక్ష కొట్టేసింది. పొటోమాక్ నది దాటి వర్జీనియాలోకి వస్తే వేరే అప్పీళ్ళ కోర్టు పరిధి. 2005లో ఆ కోర్టు అటువంటి వాదనే చెల్లదంది. మనవాళ్ళు ఇళ్ళు కొనుక్కున్న హెర్న్ డన్, ఆష్ బర్న్ రెండూ ఆ రెండో ఒడ్డున ఉన్నాయి! 2019లో సుప్రీం కోర్టు, ఫ్లోరిడాలో విద్యార్థి వీసా పోయిన ఒక కుర్రాడి కేసులో, తన ఇమిగ్రేషన్ స్థితి నిందితుడికి తెలుసని ప్రభుత్వం రుజువు చేయాలంది. మనకది పెద్దగా ఆదుకోదు. ప్రియారిటీ డేటు నిద్రలో లేపి అడిగినా చెబుతాం.

కాబట్టి అలాంటి పెట్టె వస్తే తుపాకీని ముట్టుకోకండి, పెట్టెను కారులో వేసుకుని స్టేషనుకు బయలుదేరకండి, పక్కింటాయనకూ కొరియర్ కుర్రాడికీ ఇవ్వకండి. పిల్లల్ని ఆ గదిలోంచి పంపించి, వెంటనే పోలీసులకు ఫోను చేసి వాళ్ళనే రమ్మనండి. పెట్టె మీది ట్రాకింగ్ నంబరు ఫోటో తీసి ఉంచుకోండి, వచ్చిన అధికారి పేరు, కేసు నంబరు రాసుకోండి, తర్వాత ఇమిగ్రేషన్ లాయరుకు ఒక మాట చెప్పండి. మొహమాటపడి ఒక రాత్రి ఆలస్యం చేస్తే అదే మీకు ఎదురు తిరుగుతుంది.

దొంగసొత్తయిన తుపాకులలో దారిలో పోయేవి చాలా తక్కువ అంటారు. నిజమే. ఎ.టి.ఎఫ్. లెక్కలలో 2017 నుంచి 2021 వరకు పోయిన పది లక్షల పైచిలుకు తుపాకులలో అత్యధికం ఇళ్ళలోంచీ కార్లలోంచీ పోయినవే. కానీ స్వచ్ఛందంగా నింపే ఫారం మీద ఆధారపడిన లెక్క ఎంత నిండుగా ఉంటుంది? రిజిస్టరు దొడ్డిదారిన వస్తుందని భయపడేవారికి కూడా ఇందులో అభ్యంతరం ఉండనక్కరలేదు. కొన్నవాడి పేరు ఎవరూ అడగడం లేదు, పోయిన పెట్టె సంగతే అడుగుతున్నాం. ఓలేతలో 2017లో కూచిభొట్ల శ్రీనివాస్ ను పోగొట్టుకున్న రాత్రి మనమంతా కొవ్వొత్తులు పట్టుకుని నిలబడ్డాం. ఆ తుపాకీ పార్సిల్లో పోయినదని నేననడం లేదు. సంతాపసభలు జరిపే మనం చట్టసభకు ఉత్తరాలు కూడా రాయవచ్చంటున్నాను.

అడగవలసింది పెద్దదేమీ కాదు. తుపాకీ ఉన్న పెట్టెకు 48 గంటలపాటు స్కాన్ లేకపోతే రవాణా కంపెనీయే పంపిన డీలరుకూ, ఎ.టి.ఎఫ్. కూ చివరి స్కాన్ వివరాలతో సహా చెప్పాలి. ఆ ఫారం ఐచ్ఛికం కాకుండా తప్పనిసరి కావాలి. లైసెన్సు లేని మామూలు యజమాని తుపాకీ పోతే చెప్పాలన్న చట్టం కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్ లలో ఉంది, టెక్సాస్ లో లేదు. అది రాష్ట్రాల గొడవ, దాన్ని ఇందులో కలిపితే ఉన్నదీ ఊడుతుంది. ఇది ఉభయ సభలలోనూ జ్యుడీషియరీ కమిటీల పరిధిలోకి వచ్చే విషయం, మీ సభ్యుడు ఆ కమిటీలో ఉంటే మరీ మంచిది. ఉత్తరం రాయడానికి పౌరసత్వం అక్కరలేదు, ఆ నియోజకవర్గంలో నివాసం ఉంటే చాలు. జిప్ కోడ్ మాత్రం మరిచిపోకుండా రాయండి, అది లేని ఉత్తరాలు ఆఫీసులో పక్కకు పోతాయి.