లాటిను ఋతునామములు – మన ఋతువులు

వృక్షశాస్త్ర గ్రంథములలో మొక్కల పేళ్ల చివర లాటిను ఋతుశబ్దములు తరచుగా కానవచ్చును. 'వెర్నాలిస్' అనగా వసంతమునకు సంబంధించినది. 'ఈస్టివాలిస్' వేసవికి, 'ఆటమ్నాలిస్' ఆకురాలు కాలమునకు, 'హైమాలిస్' చలికాలమునకు చెందినవి. రోమనుల ఋతువులు నాలుగే. స్వీడను దేశీయుడగు లిన్నేయసు 1753లో ప్రకటించిన 'స్పీషీస్ ప్లాంటారమ్' గ్రంథముతో ఇట్టి పేళ్లు శాస్త్రమున స్థిరపడినవి. ఇందులకు మాకెట్టి ఆక్షేపణయు లేదు. ఆ మాటలను గ్రీష్మమనియు శరత్తనియు తెనిగించి, అదియే మొక్క స్వభావమని పిల్లలకు బోధించుటయే మా ఆక్షేపణకు కారణము.

గోధుమనే చూడుడు. దాని శాస్త్రనామము 'ట్రిటికమ్ ఈస్టివమ్', అనగా వేసవి గోధుమ. వసంతమున చల్లు గోధుమకు లిన్నేయసు ఆ పేరిడి, చలికి ముందు చల్లుదానిని 'హైబెర్నమ్' అని వేరుచేసెను. తరువాతి శాస్త్రజ్ఞులు రెండును ఒకే జాతియని తేల్చి మొదటి పేరును నిలిపిరి. మన దేశమున గోధుమ రబీ పంట. కార్తీకమున చల్లి ఫాల్గుణ చైత్రములలో కోయుదురు. పేరును నమ్మి గ్రీష్మమున చల్లిన రైతుకు విత్తనమైనను దక్కునా?

'ఆటమ్నాలిస్' మరింత చిక్కు. ఐరోపాలో సెప్టెంబరు నుండి నవంబరు వరకు ఆకులు రాలును. నెలలను బట్టి అది మన శరత్తు. ఆకురాలుటను బట్టి మన శిశిరము. శరత్తున మన చెట్లు వానలకు తడిసి పచ్చగా నుండును, పారిజాతము పూచును. మోదుగ ఆకురాల్చి ఎఱ్ఱగా పూచుట శిశిరాంతమున. ఒక మాటకు రెండు ఋతువులు చెప్పిన బాలుడు దేనిని నమ్మవలెను?

మెట్రిక్యులేషనుతో చదువు ముగించినవారికి లాటిను చర్చయేల యని కొందరనవచ్చును. మాకు లాటిను రాదు, నిజమే. కాని పెరటి మునగ ఎప్పుడు పూచునో తెలియుటకు లాటిను అక్కరలేదు. పేళ్లు మార్చుడని మేము కోరుట లేదు. అర్థము పొసగలేదని శాస్త్రనామమును త్రోసివేయరాదని నామకరణ నియమమే కలదు. ఐరోపాలోనే 'ల్యూకోజమ్ ఈస్టివమ్' వేసవి పేరు ధరించి వసంతమున పూయుచున్నది!

సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బరో మన మొక్కలకు లాటిను పేళ్లిడియు, పూతకాలము చెప్పునపుడు ఎండకాలము, వానకాలము, చలికాలము అని ఇచ్చటి లెక్కనే అనుసరించెను. తెలుగు పేళ్లను కూడ వ్రాసికొనెను. పరదేశికి తోచినది మనకేల తోచదు?

తరతరములుగా తెలుగునాడు వెలుపల స్థిరపడిన మనకు ఈ విషయము మరింత ముఖ్యము. తెలంగాణమున వానలు ఆషాఢ శ్రావణ భాద్రపదములవి. చెన్నపట్టణమున పెద్దవానలు ఆశ్వయుజ కార్తీకములవి. మన తాతలు వెంట తెచ్చుకొన్న 'వర్షర్తువు' అను ఇంటిమాటయే ఊరు మారగా నెలలు తప్పుచుండ, ఐరోపా నుండి వచ్చిన మాట మన తోటకెట్లు సరిపడును? మన పిల్లలలో పెక్కుమందికి బడిలో తెలుగు లేదు. ఇంట మిగిలిన కొద్ది తెలుగు మాటలలో ఋతువుల పేళ్లున్నవి. వానికి తప్పుడర్థము కట్టినచో, కన్నది ఒకటియు విన్నది ఒకటియునై, పిల్లలు ఆ మాటలనే విడిచిపెట్టుదురు. పోయిన మాటను మరల తెచ్చుట సులభము కాదు.

కావున లాటిను పేరును పేరుగానే ఉంచుడు. అర్థము చెప్పవలసివచ్చిన 'ఐరోపా వేసవి' యని చెప్పుడు. మన మొక్కల పూతకు మన మాసమును, మన ఊరిని పేర్కొనుడు. పెరటిలో ఏ చెట్టు ఏ నెలలో పూచినదో పిల్లలచేత ఒక పుస్తకమున తెలుగులో వ్రాయింపుడు. రెండేండ్లు వ్రాసిన బిడ్డకు శరత్తన నేమో వేరొకరు చెప్పనక్కరలేదు.