ఒక్క రాత్రి దయ, 365 మెట్లు

ఏటేట డిసెంబరు 31వ తేది రాత్రి తిరుత్తణి కొండ పాదమున నిలిచి చూచినవానికి ఆ దృశ్యము మరపునకు రాదు. సంవత్సరమునందలి దినములకు సరిగా 365 మెట్లున్న యా సోపానమార్గమున భజనబృందములు మెట్టుమెట్టునకు నిలిచి, కర్పూరము వెలిగించి, పాట పాడి, పిదప పైమెట్టున నడుగిడుచు సుబ్రహ్మణ్యస్వామి సన్నిధికి చేరుదురు. క్రిస్మస్ సెలవులలో మా యింటి పిల్లలతో గూడి చూచిన యొక అమెరికా హాస్యచిత్రము ఈ మెట్లపూజను నా మనస్సునకు దెచ్చినది. రిచర్డ్ డానర్ దర్శకత్వమున 1988లో వెలువడిన ఆ చిత్రము పేరు 'స్క్రూజ్డ్'.

చార్లెస్ డికెన్స్ 1843 డిసెంబరులో ప్రకటించిన 'ఎ క్రిస్మస్ కారల్' కథలోని లోభి యిందు న్యూయార్కు టెలివిజను సంస్థ కధ్యక్షుడైన ఫ్రాంక్ క్రాస్‌గా కనబడును. తన మాట కెదురాడిన ఉద్యోగిని పండుగ ముంగిట పనినుండి తొలగించును. కార్యదర్శినియైన గ్రేస్, నోరు మెదపని తన బిడ్డను వైద్యునికి జూపవలసిన దినముననే ఆమెను పొద్దుపోవువరకు కార్యాలయమున నిలుపును. బోనస్ నాశించువారికి ఒక తువ్వాలు చాలునని తీర్మానించును. చేతిలో కొరడా లేకున్నను, పరుల కాలము తన సొమ్మని తలచు యజమాని యెంతటి క్రూరుడు కాగలడో, నవ్వుల నడుమనే యీ చిత్రము చెప్పినది.

ముగ్గురు భూతములు గతమును, వర్తమానమును, భవిష్యత్తును జూపగా క్రాస్ మారును. ప్రత్యక్షప్రసారమున నిలిచి దేశమంతటికి దయను బోధించును. తొలగించినవానికి ఉద్యోగము నిచ్చును. కాని అంతకుముందే, తన్నాశ్రయించి రిక్తహస్తములతో మరలిన హెర్మన్ అను నిరాశ్రయుడు చలికి గడ్డకట్టి మరణించినాడు. ఆ పశ్చాత్తాపమెంత నిజమైనను ఆ ప్రాణమును మరల దేజాలదు. నాటి అమెరికా నగరములలో ఇల్లులేనివారి దైన్యము పెచ్చు పెరిగి, 1987లో వారి సహాయార్థము మెకిన్నీ చట్టము రావలసివచ్చిన సంగతి తెలిసినవారికి హెర్మన్ మరణము కేవల కల్పనగా దోపదు. చిత్రమో, హృదయము మారినంతనే కథ ముగిసినదని మనల నింటికి బంపును. నా కంతరాత్మ యంగీకరింపని దిచ్చటనే.

మా తిరుత్తణి ప్రాంతము 1960 ఏప్రిల్ 1వ తేదిని చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమున కలిసినది; నేడు తిరువళ్ళూరు జిల్లాలోనిది. పళ్ళిపట్టు, పొదటూరుపేట వైపు తెలుగు మాటతోడనే మరమగ్గముల చప్పుడు వినబడు వీథు లిప్పటికిని గలవు. 1965 నాటి బోనస్ చట్టము, తరువాతి సవరణలతో, జీతములో 8.33 శాతమునకు, అనగా పండ్రెండింట నొక భాగమునకు, తక్కువ గాకుండ నీయవలెనని విధించి, యజమాని యిష్టమును కార్మికుని హక్కుగా మార్చినది. అయినను ఇంటి వసారాలో నాలుగు మగ్గములు నడచుచోటికి ఆ హక్కు చేరదు. అచ్చట దీపావళి నాటి ధోవతి, మిఠాయి పొట్లము యజమాని మనసునుబట్టియే వచ్చును. తిరువళ్ళూరు చుట్టుపట్ల ఇటుక బట్టీలకు ఒడిశానుండి అడ్వాన్సు గొని వచ్చిన కుటుంబముల గతి మరింత శోచనీయము. వెట్టిచాకిరిని నిషేధించిన చట్టము 1976లోనే వచ్చినను, ఆ తరువాతను బట్టీలనుండి బందీలను విడిపింపవలసి వచ్చుచునే యున్నది.

చట్టమే చాలును, కథ లేలయని నే ననను. పండ్రెండేండ్ల ప్రాయమున, తండ్రి అప్పులకై చెరసాలలో నుండగా, బూట్లపాలిషు కర్మాగారమున కూలి చేసిన డికెన్స్, పేదబిడ్డల పక్షమున మొదట నొక కరపత్రము వ్రాయదలచి, దానిని మాని కథయే వ్రాసినాడు. కరపత్రము కరగింపలేని మనసును కథ కరగించును. అయితే కరగిన లోహమునకు మూస యుండవలెను. లేనిచో నది నేలపాలగును. క్రాస్ స్థానమున రేపు మరియొక అధ్యక్షుడు వచ్చినచో, గ్రేస్ తన బిడ్డతో వైద్యునికడకు బోవుటకు మరల ముగ్గురు భూతములు రావలయునా?

కావుననే నాకు మెట్లపూజ గుర్తునకు వచ్చినది. ఒక మెట్టున వెలిగించిన కర్పూరము నిముషములో నారిపోవును. తరువాతి మెట్టున మరల వెలిగింపవలసినదే. నూతనసంవత్సరమున మెట్లెక్కు మా మగ్గముల యజమానులను, బట్టీల యజమానులను నేను కోరున దొక్కటి: అడ్వాన్సు ఎంత, తీరిన దెంత, మిగిలిన దెంతయను లెక్క కార్మికుడు చదువగల భాషలో వ్రాసి, దాని నకలు వాని చేతి కీయుడు, నెలనెలకు నీయుడు. ఆ కాగితమును జూపి నిలదీయు ధైర్యము వానికి గలిగిననాడు, మీ దయ పండుగతో ముగియదు.

— తణికాచలవాసి