చివరి పుటలోని ఊరు

పాత పత్రికలను సంవత్సరమునకొక సంపుటముగా కుట్టించి దాచుకొను సదాచారము మన గ్రంథాలయములలోను, కొందరు సాహిత్యాభిమానుల యిండ్లలోను చిరకాలముగా నున్నది. అయితే ఆ బైండు పనిలో మొట్టమొదట కత్తెరపాలగునవి అట్టలు, వానితోపాటు ప్రకటనల పుటలు. సంపాదకీయమును, పద్యములను, గ్రంథవిమర్శలను పదిలపరచి, తలనొప్పి మందుల ప్రకటనలను, జిల్లా మునసబు కోర్టు నోటీసులను చిత్తు కాగితముల క్రింద తూచి యిచ్చివేసినవారు దురుద్దేశముతో ఆ పని చేయలేదు. ఏది నిలువదగినదో ఏది కాదో తమకు తోచినంతలో విడదీసిరి. కాని ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకల జనజీవనము శతాబ్దము క్రిందట ఎట్లుండెనో తెలిసికొనదలచినవానికి ఆ పారవేసిన పుటలే ముఖ్యాధారములనియు, మిగిలియున్న వానిలో ఒక్క కాగితమునైనను ఇక జారవిడువరాదనియు నేను గట్టిగా నమ్ముచున్నాను.

1904 మొదలు 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడువరకు ఏలూరు కృష్ణాజిల్లాలో నుండెను. అందుచేత 1902లో బందరున పుట్టి, 1907 నుండి ముట్నూరి కృష్ణారావుగారి సంపాదకత్వమున ఆంధ్రదేశమంతటికిని పూజ్యమైన కృష్ణాపత్రిక ఏలూరివారికి సొంతజిల్లా పత్రికయే. అదే 1902లో సత్తిరాజు సీతారామయ్యగారు స్త్రీల కొరకు ‘హిందూసుందరి’ని ఏలూరు నుండియే ప్రారంభించిరి. మంజువాణీ ముద్రాక్షరశాల యీ యూరనే గ్రంథములు అచ్చొత్తుచుండెను. చిన్న పట్టణములలోని యిట్టి పత్రికలకు చందాలు సకాలమున రావు. కాగితపు వెల, కంపోజిటర్ల జీతములు ఆగవు. ఆపైన 1910 నాటి ప్రెస్సు చట్టము క్రొత్తగా ముద్రాలయము పెట్టువారు 500 మొదలు 2000 రూపాయల వరకు ధరావతు కట్టవలెనని శాసించెను. కావున సంపాదకుడు మొదటి పుటలో స్వరాజ్యమును గూర్చి యెంత నిర్భయముగా వ్రాసినను, ఆ ధైర్యమునకు కావలసిన కాగితపు ఖర్చులో కొంత చివరి పుట భరించుచుండెను. ఈ మాట చెప్పుట ఆ మహనీయులకు న్యూనత యని యెవ్వరును భావింపవలదు.

ఇందుకు మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రకంటె గొప్ప నిదర్శనము లేదు. కృష్ణాజిల్లా యెలకుర్రున పుట్టిన ఆయన 1893లో బొంబాయి నగరమున అమృతాంజనమును తయారుచేసి, ఆ తలనొప్పి మందు ధనముతో 1908లో అక్కడనే ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసునకు తెచ్చి దినపత్రికగా నడపిరి. తక్కిన పత్రికలు ప్రకటనదారుల కొరకు వెదకికొనుచుండగా, ఇచ్చట ప్రకటనదారుడే పత్రికాధిపతియై, దేశోద్ధారకుడై, విశ్వదాతయై నిలిచెను. తెలుగు పత్రికారచన చరిత్రను వ్రాయువారు ఆ చిన్న సీసాను ఒక వాక్యముతో దాటిపోవుచున్నారు. దానికొక అధ్యాయము కావలెను.

మందుల ప్రకటనలే ఆనాడు సమృద్ధిగా నుండెడివి. జామునగరమునుండి మణిశంకర గోవిందజీ వైద్యశాస్త్రిగారి ఆతంకనిగ్రహ గుళికలు, మద్రాసు నుండి పండిత దీవి గోపాలాచార్యులవారి ఆయుర్వేదాశ్రమ ఔషధములు, కొంత తరువాత కేసరి కుటీరమువారి లోధ్ర. వీనిని చదువునపుడు అతిశయోక్తులను చూచి పెదవి విరుచుట సులభము. నేనావిధముగా చదువజాలను. డాక్టరు పేరు వినుటయే అరుదైన పల్లెలలో, వానకాలము వచ్చినంతనే చలిజ్వరములు యింటింట నొకరిని మంచమెక్కించు కాలువల సీమలో, పోస్టుమాను చేతికి వి.పి. సొమ్మిచ్చి తీసికొన్న ఆ డబ్బీ ఒక కుటుంబమునకు ఎంత ఆశ కల్పించెనో తలచిన ఆ ప్రకటనలోని ప్రతి విశేషణమును రోగి పక్షమున చదువవలసి వచ్చును. స్త్రీలు నోరువిప్పి యింటివారితోనైన చెప్పుకొనజాలని వ్యాధులకు పేరు పెట్టి, మందు కలదని అచ్చులో చెప్పినవి ఆ ప్రకటనలు. వానిలో మోసము లేకపోలేదు. మాయచికిత్సల ప్రకటనలను నిషేధించు చట్టము 1954లో గాని రాలేదు.

ఈ సరకులు వచ్చిన త్రోవలును గమనింపదగినవి. ధవళేశ్వరము ఆనకట్ట నుండి గోదావరి నీటిని తెచ్చు కాలువయు, బెజవాడ ఆనకట్ట నుండి కృష్ణ నీటిని తెచ్చు కాలువయు ఏలూరనే కలిసికొనును. పడవలు రెండు నదుల డెల్టాలనుండి యిచటికి చేరుచుండెను. పందొమ్మిదవ శతాబ్దము ముగియుసరికి గోదావరిపై వంతెన పడి మద్రాసు కలకత్తాల నడుమ రైలు నిరాటంకముగా సాగినది; తాడేపల్లిగూడెము వంటి స్టేషనున పార్సిలు దిగినంతనే అది ఎడ్లబండిపై పల్లెకు చేరెడిది. కలకత్తా గడియారము, బొంబాయి బట్ట, మద్రాసు పుస్తకము అను మాటలు ప్రకటనలో పడుటకు ముందు ఈ కాలువయు ఈ పట్టాయు పడవలసి వచ్చినవి.

ఇక కోర్టు నోటీసుల వద్దకు వచ్చెదను; నా మనస్సంతయు నక్కడనే యున్నది. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు ప్రకారము ప్రతివాది దొరకనప్పుడు, లేక సమను తీసికొనక తప్పించుకొనుచున్నాడని కోర్టునకు తోచినప్పుడు, ఆ సమనును కోర్టు గోడకును అతడు కడపట కాపురమున్న యింటి తలుపునకును అంటించుటయో, మరియొక విధముగా తెలియజేయుటయో జరుగవచ్చును. ఆ మరియొక విధము పత్రిక. డిక్రీ అయిన పిమ్మట ఆస్తి వేలమునకు వచ్చినపుడు టముకు వేయించవలెను. కోర్టువారు ఉత్తరువు చేసినచో పత్రికలోను వేయించవలెను. ఓ.యస్. నంబరు, వాది, ప్రతివాదులు, వాయిదా తేదీ, స్వయముగాగాని వకీలు ద్వారాగాని హాజరు కానియెడల పరోక్షమున తీర్పు చెప్పబడునను హెచ్చరిక, చివర షెడ్యూలు. ఆ షెడ్యూలులో భూమికి నాలుగు హద్దులు.

ఆ నాలుగు హద్దులను చదివినవానికి ఒక గ్రామపటము కన్నులయెదుట నిలుచును. తూర్పున ఫలానావారి మాగాణి, దక్షిణమున బోదె, పడమర పుంత, ఉత్తరమున చెరువుగట్టు. ఎవరి ప్రక్కన ఎవరు సాగుచేసిరి, ఏ కులమువారి పేట యేదిక్కున నుండెను, ఏ బోదె నుండి యెవరికి నీరు పారెను, ఏ దేవాలయ మాన్యము ఎవరి అనుభవములో నుండెను అను విషయములు ఏ సంపాదకీయమునను కానరావు. చరిత్ర గ్రంథములలో పేరు పడు యోగ్యత యెన్నడును కలుగని రైతు, వితంతువు, మైనరు బాలుడు, వాని గార్డియను మేనమామ, వీరందరును ఒక్కసారియైనను అచ్చయిన చోటు ఆ పుటయే. అదియును కష్టకాలమున.

కొల్లేటి అంచున నున్న భూమికి ఒక హద్దు కొల్లేరే యగునపుడు ఈ షెడ్యూలునకు మరియొక చిక్కు కలదు. కొల్లేరు స్థిరమైన గట్టు గల చెరువు కాదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి వచ్చినపుడు సరస్సు విస్తరించును. ఉప్పుటేరు గుండ నీరు సముద్రమునకు దిగిపోయినపుడు కుంచించుకొనును. పదవ కాంటూరు, అనగా సముద్రమట్టముపై పదియడుగుల ఎత్తు రేఖ, వరకు లెక్కించినచో అది 901 చదరపు కిలోమీటర్లు. ఐదవ కాంటూరు వరకు సుమారు 308. శ్రావణమున నీటిలో నుండి మాఘమున పంట పండు నేలకు కాగితముమీద నిలుకడగల హద్దు గీయుట యెట్లు? వడ్డెలకు వలవేయు జాగ అయినది రైతునకు దాళ్వా పొలమగును. సర్కారునకు చేపల పాట పెట్టదగిన జలమగును. ఆనాడే ముగ్గురి మాటకును మూడు అర్థములున్నవి. కోర్టు నోటీసు వానినన్నిటిని ఒక్క పంక్తిలో ఇరికించెను.

ఆ నోటీసు యెవరికి చేరినది? 1911 జనాభా లెక్కలలో దేశమంతటను అక్షరాస్యులు నూటికి ఆరుగురైనను లేరు. స్త్రీలలో నూటికి ఒక్కరు. లంకలో పడవమీద బ్రతుకు పల్లెవానికి, ఘోషాలోనున్న వితంతువునకు, బందరులోనో ఏలూరులోనో అచ్చయిన పత్రిక కంటబడునా, పడినను చదువగలరా? చట్టము మాత్రము తెలిసినట్లే భావించెను. ఇది చట్టమునకు తప్పనిసరియని న్యాయవాదులు చెప్పుదురు. దొరకని ప్రతివాది కొరకు వ్యాజ్యము శాశ్వతముగా ఆగియుండజాలదని నేనును ఒప్పుకొందును. అయినను తనకు తెలియకయే తన పరోక్షమున భూమి పోయినవాని కడుపుమంటను ఆ నాలుగు పంక్తుల చిన్న అక్షరములలో చూడక నేను ఉండజాలను. టముకు వినబడినంత దూరము పత్రిక వినబడలేదు.

ప్రజలు తమంతట తాము వేయించిన నోటీసులు వేరొక తీరువి. తన కుమారుడు దుర్వ్యసనములకు లోబడినాడు గాన అతనికి ఎవ్వరును ఋణమీయరాదని తండ్రి. తనకును అన్నకును పొత్తు లేదని తమ్ముడు. దత్తత చెల్లదని యొకరు, చెల్లునని మరియొకరు. ఇవి కేవలము కుటుంబకలహపు వేడిలో పుట్టిన మాటలని తలచుట పొరపాటు. అవిభక్త కుటుంబమున యజమాని కుటుంబావసరమునకు చేసిన అప్పు తక్కినవారిని బంధించును. వేరుపడుదునని నిస్సందేహముగా తెలియపరచినంతనే, ఆస్తిని కొలతలు వేసి పంచుకొనకపోయినను, సమష్టిస్థితి తెగిపోవునని 1916లో ప్రివీ కౌన్సిలువారు తీర్పు చెప్పిరి. అనగా ఒక చిన్న నోటీసు, నలుగురు అన్నదమ్ములు ఒకే వసారాలో భోజనము చేయుచుండగనే, వారి ఆస్తిని చట్టదృష్టిలో నాలుగు వాటాలు చేయగలదు. తెలుగు నవలాకారులు ఉమ్మడి కుటుంబముల విచ్ఛిత్తిని గూర్చి యెంతో వ్రాసిరి గాని, ఆ విచ్ఛిత్తి తేదీతోసహా దొరకునది ఈ పుటలోనే.

1929 తరువాత ధాన్యపు ధర పడిపోయి, తీసికొన్న అప్పు మాత్రము పడిపోక, డెల్టా రైతు నలిగిపోయిన దినములలో ఐ.పి. (దివాలా అర్జీ) పెట్టినవాని పేరు, వేలమునకు వచ్చిన ఎకరములు, పాట తేదీలు ఈ నోటీసులలోనే నమోదైనవి. 1938లో రాజాజీ మంత్రివర్గము వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము తెచ్చుటకు పూర్వము ఈ జిల్లాలో ఎంత భూమి చేతులు మారెనో, ఎవరినుండి యెవరికి మారెనో పల్లెపల్లెకు లెక్కవేయగోరువాడు శాసనసభా ప్రసంగములతో ఆగిపోరాదు. కోర్టు కాగితములేవి యని అడుగవచ్చును. 1917 నాటి రికార్డుల నిర్మూలన చట్టము ననుసరించి, గడువు తీరిన కాగితములను కోర్టులు తగులబెట్టుటకు అధికారము కలిగియున్నవి. కావున అనేక వ్యాజ్యములకు పత్రికలోని నోటీసు తప్ప వేరు ఆనవాలు మిగిలియుండదు.

ఈ వ్యవహారము గతించిన కాలముతో ముగియలేదు. పత్రికలో సమను వేయించినచో అది ప్రతివాది కడపట నివసించిన చోట ప్రచారమందున్న దినపత్రికయే కావలెనని 1976 సవరణ చెప్పినది. భూసేకరణ ప్రకటన రెండు దినపత్రికలలో రావలెననియు, అందొకటి ప్రాంతీయభాషలో నుండవలెననియు 1984 సవరణ చెప్పినది. తాకట్టు ఆస్తిని స్వాధీనపరచుకొను బ్యాంకులకును 2002 నాటి నియమములలో ఇట్టి కట్టుబాటే కలదు. అడవిజంతువుల రక్షణ చట్టము 21వ సెక్షను అభయారణ్యపు సరిహద్దులను పరిసర గ్రామములన్నింట ప్రాంతీయభాషలో చాటి, హక్కుల కోరికలకు రెండు నెలల గడువీయవలెనని విధించినది. 1999లో ఐదవ కాంటూరు వరకు కొల్లేరు అభయారణ్యమైనది. 2006లో సరస్సు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించినది. ఆ గట్లు సరస్సు గొంతు నులిమినవనుటలో నాకు సందేహము లేదు. అయినను ఎవరి హక్కు ఎంతవరకు నిజమైనది, ఎవరు ఎప్పటినుండి ఏ నేలను అనుభవించిరి అను ప్రశ్న వచ్చినపుడు శతాబ్దము క్రిందటి నోటీసులలోని ఆ హద్దులు అక్కరకు రాకపోవునా? నాకు తెలిసినంతవరకు ఎవరును వానిని వెదకి కూర్చలేదు.

ఇప్పుడు పాత పత్రికలను కంప్యూటర్లలోనికి ఎక్కించు పని అచ్చటచ్చట సాగుచున్నది; సంతోషము. అయితే ఆ పనిచేయువారు అట్టలను, ప్రకటనలను, సగము చినిగిన చివరి పుటను వదలివేయక, ఉన్నది ఉన్నట్లుగా చిత్రము తీయవలెను. విషయసూచిక చేయునపుడు వ్యాసకర్తల పేర్లతోపాటు నోటీసులలోని గ్రామముల పేర్లను గూడ చేర్చవలెను. కొల్లేటికోట, ఆకివీడు, కైకలూరు, గుండుగొలను, పెదపాడు అని వెదకినవానికి ఆ యూరి హద్దులు, వ్యాజ్యములు, వేలములు ఒకచోట కనబడవలెను. ఏలూరులోను తాడేపల్లిగూడెములోను రెండుమూడు తరములుగా వకీలు వృత్తిలోనున్న కుటుంబముల అటకలమీద కేసుకట్టలలో, నోటీసు పడినట్లు రుజువు కొరకు దాచిన పత్రిక ప్రతులు ఇంకను ఉండితీరును. ఆ కుటుంబములవారు ఇల్లు పడగొట్టించుటకు ముందు ఆ కట్టలను జిల్లా గ్రంథాలయ సంస్థకు చూపవలెనని మనవి చేయుచున్నాను. గ్రంథాలయ సంస్థవారు, వ్యక్తుల పేర్లు బయటపడుటవలన ఎవరికిని నొప్పి కలుగకుండ తగిన నియమములు పెట్టుకొని, వానిని స్వీకరింపవలెను. వానకాలము రాకమునుపే ఈ పని మొదలుపెట్టుట మేలు. ఈ సీమలో కాగితమునకు చెదలకంటె తేమ పెద్ద శత్రువు.