బిట్లకు చిక్కిన భాష

మన పల్లెటూరి పిల్లలకు ఇంగ్లీషు రాదనే మాట వినీ వినీ చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి. ఆ మాట అనేవారిలో ఉద్యోగాలిచ్చేవారున్నారు, పాఠాలు చెప్పేవారున్నారు, చివరికి ఆ పిల్లల్ని కన్నవారూ ఉన్నారు. దానికి ఎదురు చెప్పడానికే ఈ నాలుగు మాటలూ వ్రాస్తున్నాను. మనం వాళ్ళకు ఇంగ్లీషు నేర్పితే గదా, వచ్చిందో రాలేదో తేలేది! ఇంగ్లీషు పేరు పెట్టి మనం నేర్పుతున్నది వేరొకటి. దాని పేరు బిట్టు.

బిట్టంటే ఏమిటో తెలియని తెలుగువాడు ఉండడు. ఒక వాక్యం, అందులో ఒక ఖాళీ, కింద నాలుగు జవాబులు, వాటిలో ఒకదానికి గుర్తు. విశ్వవిద్యాలయపు గడప దాటాలంటే ఈ బిట్ల మీదుగానే దాటాలి. డిగ్రీ చదివి ఎంబీయే, ఎంసీయే చేయదలచినవారికి మన రాష్ట్రంలో ఐసెట్ ఉంది. 150 నిమిషాలలో 200 ప్రశ్నలు. వాటిలో 70 ప్రశ్నలు కమ్యూనికేషన్ ఎబిలిటీ అనే భాగానివి: పదజాలం, వ్యాపార పరిభాష, వ్యాకరణం, చదివి అర్థం చేసుకోవడం. ఇంటర్ ముగించి కేంద్రీయ విశ్వవిద్యాలయాలలో చేరదలచినవారికి 2022లో మొదలైన సీయూఈటీ ఉంది. అందులోని ఇంగ్లీషు పరీక్షకు 2025 నుంచి 60 నిమిషాలలో 50 ప్రశ్నలు. సరైన జవాబుకు అయిదు మార్కులు, తప్పు జవాబుకు ఒక మార్కు కోత. పర్యాయపదాలు, వ్యతిరేక పదాలు, ముక్కలైన వాక్యాన్ని వరుసలో పెట్టడం, పేరా చదివి జవాబు గుర్తించడం.

ఈ రెండు పరీక్షలనూ మొదటినుంచి చివరిదాకా వ్రాసిన విద్యార్థి తన సొంతంగా ఎన్ని ఇంగ్లీషు వాక్యాలు వ్రాస్తాడు? ఒక్కటి కూడా వ్రాయడు. భాషాజ్ఞానానికి పెట్టిన పరీక్షలో ఒక్క వాక్యమైనా వ్రాయనక్కరలేదు, ఒక్క మాటైనా పలకనక్కరలేదు! ఈతగాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి నీటిని గురించి నాలుగు ప్రశ్నలడిగి, నీకు ఈత వచ్చునని పత్రం చేతికివ్వడం వంటిదిది.

మా చందర్లపాడు మెట్ట ప్రాంతం. 2022 ఏప్రిల్ దాకా కృష్ణా జిల్లా, ఇప్పుడు ఎన్టీఆర్ జిల్లా. ఒక పక్క కృష్ణానది పారుతున్నా పత్తి, మిరప నమ్ముకున్న బ్రతుకులే ఎక్కువ. ఇక్కడి పిల్లలు నందిగామకో, జగ్గయ్యపేటకో, విజయవాడకో వెళ్ళి చదువుతారు. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళ సంచీలో ఒక లావుపాటి బిట్ బ్యాంకు తప్పనిసరి. వరసకు కొడుకయ్యే కుర్రవాడొకడు ఈ మధ్య మా అరుగు మీద కూర్చుని సిన్స్, ఫర్ అనే మాటల బిట్లు చకచకా పెట్టేస్తున్నాడు. ఒక్కటీ తప్పు పోలేదు.

"ఏ లెక్కన పెడుతున్నావురా?" అని అడిగాను.

"సంవత్సరం కనబడితే సిన్స్, అంకె కనబడితే ఫర్, బాబాయ్."

"ఎందుకట్లా?"

"ఎందుకో చెప్పలేదు బాబాయ్. ఎందుకని బిట్టులో అడగరుగా!"

వాడి జవాబులో తప్పేమీ లేదు. మన విద్యావ్యవస్థ సారాంశమంతా ఆ ఒక్క మాటలో ఉంది. కానీ ఆ "ఎందుకు" ఎంత చిన్న విషయమో చూడండి. తెలుగులో మనం "2020 నుంచి ఇక్కడే ఉంటున్నాం" అంటాం, "అయిదేళ్ళ నుంచి ఇక్కడే ఉంటున్నాం" అనీ అంటాం. కాలం ఎక్కడ మొదలయిందో చెప్పినా, ఎంతసేపు సాగిందో చెప్పినా మనకు "నుంచి" ఒక్కటే. ఇంగ్లీషువాడు ఆ రెంటికీ రెండు మాటలు పెట్టుకున్నాడు. అంతే సంగతి. ఈ రెండు ముక్కలు తెలుగులో చెబితే ఏడో తరగతి పిల్లవాడికి కూడా బోధపడుతుంది. బిట్టులో సంవత్సరం బదులు "మా నాన్న పోయినప్పటి నుంచి" అని వచ్చినా తడబడడు. అంకెను చూసి గుర్తు పెట్టేవాడు అక్కడే బోర్లా పడతాడు.

ఇటువంటివి ఎన్నయినా ఉన్నాయి. మనకు ఒక్క "కదా" చాలు: వచ్చాడు కదా, తిన్నావు కదా, లేదు కదా. ఇంగ్లీషులో ముందున్న క్రియను బట్టి, కర్తను బట్టి ఆ తోక మారిపోతుంది. అందుకే మనవాళ్ళు అన్నిటికీ ఈజింట్ ఇట్ తగిలిస్తారు. అది తెలివితక్కువతనం కాదు; "కదా" చేసే పనిని ఆ మాట చేత చేయిస్తున్నారు. ఆ సంగతి చెప్పకుండా క్వశ్చన్ ట్యాగుల పట్టిక బట్టీ పట్టించడం వల్ల పట్టిక మిగులుతుంది, మాట మిగలదు.

కర్మణి వాక్యాల సంగతి మరీ అన్యాయం. రాముడు రావణుణ్ణి చంపాడు, రావణుడు రాముని చేత చంపబడ్డాడు అని తిప్పించడమే అభ్యాసమనుకుంటున్నాం. ఇంగ్లీషువాడు ఆ ప్రయోగాన్ని ఎందుకు వాడతాడు? చేసినవాడెవడో తెలియనప్పుడు, తెలిసినా చెప్పనవసరం లేనప్పుడు. ఆ అవసరం మనకూ ఉంది. సాగర్ ఎడమ కాలువ మీద ఆధారపడ్డ రైతు "కాలువకు నీళ్ళు వదిలారు" అంటాడు. ఎవరు వదిలారు? ఇంజనీరా, లస్కరా? వాడికి అక్కరలేదు. కర్త లేని ఆ బహువచన క్రియే మన నిజమైన కర్మణి ప్రయోగం. "వదలబడ్డాయి" అని ఏ రైతూ అనడు. ఈ పోలిక ఒక్కసారి చూపిస్తే, ఇంగ్లీషు పత్రికలో నీళ్ళు వదిలిన వార్త ఆ రూపంలోనే ఎందుకుంటుందో పిల్లవాడికి తనంతట తానే తెలుస్తుంది.

ఆర్టికల్స్ మనకు లేవు కాబట్టి మనకు రావంటారు. కొంతవరకు నిజమే. కానీ "చేలో గేదె పడింది" అనడానికీ "గేదె చేలో పడింది" అనడానికీ తేడా లేదా? మొదటిది ఎవరిదో ఒక గేదె. రెండవది మనకు తెలిసిన గేదె, బహుశా మనదే. ఇంగ్లీషువాడు చిన్న మాట ముందు చేర్చి చెప్పేదాన్ని మనం పదాల వరుసతో చెప్పగలుగుతున్నాం. ఆ భేదం పిల్లవాడి బుర్రలో పుట్టినప్పటి నుంచీ ఉంది. ఉన్నదాన్ని వాడుకోకుండా లేనిదాన్ని కుక్కుతున్నాం.

ఉన్నదాన్ని వాడుకోవాలంటే తరగతిలో తెలుగు మాట్లాడాలి. అక్కడ వచ్చింది చిక్కు. ఇంగ్లీషు నేర్పే గదిలో తెలుగు వినబడితే నామోషీ అనే రోగం పట్టణాల నుంచి పల్లెలకు ఎప్పుడో పాకింది. తెలుగు మాట్లాడితే జరిమానా వేసిన చోట్లు నాకు తెలుసు. 2019 నవంబరులో ప్రభుత్వ బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చమని జీవో 81 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఆ సందర్భంలో రెండు పక్షాలవారూ గొంతు చించుకున్నారు. మాధ్యమం ఏదైతే మేలని పోట్లాడుకున్నారే గాని, ఆ మాధ్యమంలో పిల్లవాడు రోజుకు ఎన్ని వాక్యాలు సొంతంగా వ్రాస్తున్నాడని మాత్రం ఎవరూ గట్టిగా అడిగిన పాపాన పోలేదు. బోర్డు మీద పేరు మారినంత మాత్రాన బిట్టు మారలేదు.

ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారిని తలచుకోక తప్పదు. 1910ల దశకంలో స్కూల్ ఫైనల్ పిల్లలు తెలుగు వ్యాసం ఏ తెలుగులో వ్రాయాలనే మీద పెద్ద యుద్ధం జరిగింది. పంతులుగారి వాదంలోని మూలసూత్రం మాధ్యమాలన్నిటికీ వర్తిస్తుంది: భాష ముందు, వ్యాకరణం తరువాత, జీవద్భాషను వదిలి సూత్రాలు వల్లెవేయిస్తే పిల్లవాడికి రెండూ దక్కవు. ఆయన తెలుగు విషయంలో చెప్పినదాన్ని ఇంగ్లీషు విషయంలో మనం మరిచిపోయాం. ఇంకొక్కటి గమనించండి. ఆనాటి తగవు వ్యాసం ఎలా వ్రాయాలన్నది. అంటే పిల్లవాడు వ్యాసం వ్రాయడమనేది ఇరుపక్షాలకూ సమ్మతమే. నూరేళ్ళు దాటిన తరువాత మనం సాధించిన అభివృద్ధి ఏమిటంటే, అసలు వ్రాయడమే అక్కరలేకుండా చేసుకున్నాం.

మన ఇళ్ళలో రెన్ అండ్ మార్టిన్ అని పిలుచుకునే పుస్తకానికి 1930లలో పెట్టిన పూర్తి పేరు హైస్కూల్ ఇంగ్లీష్ గ్రామర్ అండ్ కాంపోజిషన్. ఆ పేరులో రెండు భాగాలున్నాయి. మనం మొదటి భాగాన్ని నెత్తిన పెట్టుకుని రెండవదాన్ని అటకెక్కించాం. కాంపోజిషనంటే రచన. ఆ భాగం పుటలు నలగని ప్రతులు నేను చాలా చూశాను.

దీనికొక సమాధానం వస్తుందని నాకు తెలుసు. సీయూఈటీకి ఏటా పది లక్షలకు పైగా దరఖాస్తులు వస్తాయి, అందరి వ్యాసాలనూ దిద్దేదెవరు, దిద్దినా ఒకరు వేసినన్ని మార్కులు మరొకరు వేస్తారా, యంత్రం అయితే పక్షపాతం చూపదు గదా అంటారు. సబబైన మాటే. మా ఊరి కౌలురైతు బిడ్డ పేపరును ఎవరో పెద్దమనిషి ముఖం చిట్లించుకుని దిద్దడం కంటే యంత్రం దిద్దడమే నయం. పరీక్షను ఎత్తివేయమని నేననను. కానీ పరీక్ష స్వరూపం బిట్టయినంత మాత్రాన అభ్యాసం కూడా బిట్టే కావాలని ఎవరు శాసించారు? సంతలో తూకం వేసేది కాటా. కాటా మీద కూర్చోబెట్టినందువల్ల దూడ బరువెక్కదు. దానికి మేత వేయాలి. ఇంగ్లీషుకు మేత చదవడం, వ్రాయడం, మాట్లాడడం. బిట్టు ఒట్టి కాటా.

ఇది నా ఊహ మాత్రమే కాదు. 1979 నుంచి 1984 వరకు ఎన్. ఎస్. ప్రభు బెంగుళూరు, మద్రాసు ప్రాంతాల మామూలు బడులలో ఒక ప్రయోగం నడిపారు. వ్యాకరణ పాఠాలు ఒక వరుసలో చెప్పడం మానివేసి, రైళ్ళ వేళల పట్టిక ఇచ్చి ఏ బండి ఎక్కాలో తేల్చమనడం, పటం చూపి దారి కనుక్కోమనడం వంటి పనులు పిల్లలకు ఇంగ్లీషులో ఇచ్చారు. పిల్లల దృష్టి అర్థం మీద ఉన్నప్పుడే భాషానిర్మాణం లోపల కుదురుకుంటుందన్నది ఆయన సిద్ధాంతం. 1987లో దాన్ని పుస్తకంగా ప్రకటించారు. ప్రపంచమంతటా భాషాబోధకులు ఆ ప్రయోగాన్ని చర్చించారు. మన పొరుగున పుట్టిన ఆలోచన మన బడి గడప మాత్రం తొక్కలేదు.

కనుక ప్రవేశపరీక్షకు కూర్చునే పిల్లలకు నేను చెప్పేదిది. బిట్ బ్యాంకును పారేయకండి, దానికి రోజుకు అరగంట ఇవ్వండి. మరో అరగంట ఒకే వార్తను తెలుగు పత్రికలోనూ ఇంగ్లీషు పత్రికలోనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. పత్తి ధర వార్తయినా సరే, వాన వార్తయినా సరే. తెలుగులో తెలిసిన సంగతి ఇంగ్లీషులో ఏ బట్టలు కట్టుకుందో చూడండి. ఆ తరువాత పుస్తకం మూసి అయిదు వాక్యాలు సొంతంగా వ్రాయండి. మిరపకాయలు కల్లంలో ఎలా ఆరబోస్తారో వ్రాయండి. తప్పులు పోనివ్వండి. పేపరులోని పేరాను చదివి జవాబు గుర్తించడాన్ని ఏ బట్టీ నేర్పలేదు. ఈ అలవాటు ఒక్కటే నేర్పుతుంది. అంటే మార్కుల లెక్కన చూసినా ఇదే లాభసాటి.

ఉపాధ్యాయ మిత్రులకు చెప్పేది ఇంకా చిన్నది. జవాబు సరిగ్గా పెట్టిన పిల్లవాణ్ణి కూడా "ఎందుకు?" అని అడగండి. వాడు తెలుగులో చెబితే తెలుగులోనే వినండి.

ఇదంతా ఎందుకు పట్టించుకోవాలంటారా? బిట్టు వల్ల అందరూ సమానంగా నష్టపోవడం లేదు. ఇంట్లో ఇంగ్లీషు మాటలు, ఇంగ్లీషు పుస్తకాలు ఉన్న నగరపు బిడ్డకు బిట్టు ఒక లాంఛనం. వాడి భాష వేరే చోట పెరుగుతుంది. మెట్ట పల్లె బిడ్డకు బిట్టే సర్వస్వం, దాని వెనక మరేమీ లేదు. వాడు కష్టపడి ర్యాంకు తెచ్చుకుంటాడు, సీటు తెచ్చుకుంటాడు. మొదటి సెమినారులో లేచి నిలబడి రెండు వాక్యాలు చెప్పమనగానే నోరు పెగలదు. ఇన్నేళ్ళూ నూటికి తొంభై బిట్లు సరిగ్గా పెట్టినవాడు, లోపం తన బుర్రలోనే ఉందనుకుంటాడు. ఆ సిగ్గును వాడు జీవితాంతం మోస్తాడు. వాడి చేత అయిదు వాక్యాలు ఎన్నడూ వ్రాయించని పెద్దలు మాత్రం పల్లెటూరివాడికి ఇంగ్లీషు రాదని తీర్పు చెప్పి చేతులు దులుపుకుంటారు.

ఆ తీర్పును నేను ఒప్పుకోను. వ్రాయించి చూడండి, ఆ తరువాత మాట్లాడదాం.