మూడు క్వార్కులు కూడితే ప్రోటాన్ రాదండీ

మొన్న ఆదివారం మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. ఇంటర్ రెండో సంవత్సరం. "మామయ్యా, ప్రోటాన్‌లో రెండు అప్ క్వార్కులు, ఒక డౌన్ క్వార్కు ఉంటాయి కదా, నెట్‌లో వాటి ద్రవ్యరాశులు చూసి కూడితే లెక్క తేలట్లేదు" అన్నాడు. కాలేజీలో అడిగితే లెక్చరర్ గారు "ఎంట్రన్స్‌లో రాదు, కూర్చో" అన్నారట.

నాకు ఒళ్ళు మండింది. వాడడిగింది అచ్చమైన ఫిజిక్సు ప్రశ్న!

మీరే చూడండి. ఛార్జి భేషుగ్గా కుదురుతుంది: అప్‌కి +2/3, డౌన్‌కి -1/3, వెరసి +1. ద్రవ్యరాశి దగ్గరే గల్లంతు. అప్ సుమారు 2.2, డౌన్ 4.7 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. అన్నీ కలిపినా 9 చిల్లర. ప్రోటానేమో 938!

మిగతాదంతా శక్తి. లోపల ఇరుక్కుని విపరీతమైన వేగంతో తిరిగే క్వార్కులది కొంత, వాటిని పట్టి ఉంచే గ్లువాన్ల క్షేత్రానిది కొంత. 2012లో హిగ్స్ బోసాన్ దొరికినప్పుడు "అన్నిటికీ బరువునిచ్చే దైవకణం" అని ఊదరగొట్టారు గుర్తుందా? ప్రోటాన్‌లో హిగ్స్ పుణ్యమా అని క్వార్కులకి వచ్చే వాటా ఆ 9 చిల్లరే. మనవాళ్ళకి నచ్చే సంగతి ఇంకోటి: 2008లో సూపర్ కంప్యూటర్ల మీద, స్థలకాలాన్ని గళ్ళుగా కోసి సిమ్యులేషన్ నడిపితే, ప్రోటాన్ ద్రవ్యరాశి కొద్ది శాతం తేడాలో వచ్చేసింది. కోడ్ రాసి తూచారన్నమాట!

"ఇంటర్ పిల్లాడికి ఇవన్నీ ఎందుకండీ" అంటారని తెలుసు. ఐన్‌స్టీన్ సూత్రం, ద్రవ్యరాశి లోపం ఆ ఇంటర్ పుస్తకంలోనే ఉన్నాయి కదా సార్. న్యూక్లియస్‌లో విడి ముక్కల కన్నా మొత్తం తేలిక. ప్రోటాన్‌లో మొత్తమే బరువు. ఈ తిరకాసు చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. 1964లో గెల్‌మన్, జ్వైగ్ విడివిడిగా క్వార్కుల ఊహ చేస్తే చాలామంది నమ్మలేదు. తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ప్రోటాన్ల మీదకి ఎలక్ట్రాన్లు విసిరి చూశారు, లోపల బిందువుల్లాంటివి తగిలాయి. వాళ్ళనీ ఎవరో "కూర్చో" అనుంటే?

మావాడికి అరగంట చెప్పా. అంతా విని, "మరి ఒక్క క్వార్కుని బయటికి లాగలేమా మామయ్యా?" అన్నాడు. లాగేకొద్దీ పట్టు సడలదని, పెట్టిన శక్తితో కొత్త క్వార్కుల జంట పుట్టుకొస్తుందని చెప్పా. "ఎందుకు సడలదు?" అన్నాడు. వచ్చే ఆదివారం దాకా గడువడిగా.